లాంగ్‌బెల్ తర్వాత: గేటుకూ గడపకూ మధ్య పిల్లల భద్రత

సాయంత్రం లాంగ్‌బెల్ మోగగానే బడి ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తుంది. పావుగంటలో వందల మంది పిల్లలు ఒకే గేటులోంచి బయటపడతారు. అదే పావుగంటలో బస్సులు వెనక్కి తిరుగుతుంటాయి, ఆటోలు అడ్డంగా ఆగుతాయి, స్కూటర్ల మీద వచ్చిన అమ్మానాన్నలు గేటుకు వీలైనంత దగ్గరగా బండి పెట్టాలని చూస్తారు. పొద్దున పిల్లలు అరగంట, ముప్పావుగంట తేడాలో విడివిడిగా వస్తారు కాబట్టి అంత ఒత్తిడి ఉండదు. రోజు మొత్తంలో పిల్లవాడి బాధ్యత ఒక చేతినుంచి మరో చేతికి మారే సమయం సాయంత్రమే. ఆ మారడంలో ఏ క్షణాన ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న దాదాపు ముప్పై ఏళ్లుగా మన దేశంలో నలుగుతూనే ఉంది.

ఈ చర్చ చిక్కుపడటానికి కారణం, ‘భద్రత’ అన్న ఒక్క మాటతో అందరూ నాలుగు వేర్వేరు భయాల గురించి మాట్లాడటం. బస్సు బోల్తా పడుతుందేమోనని ఒకరి భయం. బిడ్డను ఎవరైనా ఎత్తుకెళ్తారేమోనని మరొకరిది. రోడ్డు దాటుతుంటే లారీ గుద్దేస్తుందేమోనని ఇంకొకరిది. పిల్లలు ఒంటరిగా నాలుగడుగులు వేయడమే మరిచిపోతున్నారని కొందరి దిగులు. ఒక్కో భయం ఒక్కో పరిష్కారం వైపు లాగుతుంది. కొన్నిచోట్ల ఒక పరిష్కారం ఇంకోదాన్ని దెబ్బతీస్తుంది కూడా.

దుర్ఘటనలు రాసిన నిబంధనలు

మన బడి రవాణా నిబంధనల చరిత్ర తిరగేస్తే దాదాపు ప్రతి మలుపులోనూ ఒక ఘోరం కనిపిస్తుంది. 1997 నవంబరు 18న ఢిల్లీలో వజీరాబాద్ వంతెన మీదినుంచి బడి బస్సు యమునలో పడి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. అప్పటికే ఎం.సి. మెహతా కేసులో ఢిల్లీ ట్రాఫిక్ సంగతి విచారిస్తున్న సుప్రీంకోర్టు ఆ నవంబరు, డిసెంబరుల్లో ఇచ్చిన ఆదేశాలే మనం ఇవాళ చూస్తున్న పసుపు బస్సుకు మూలం. బస్సు ముందూ వెనకా స్కూల్ బస్ అన్న రాత, అద్దెబండి అయితే ‘ఆన్ స్కూల్ డ్యూటీ’ బోర్డు, కిటికీలకు అడ్డ ఊచలు, వేగానికి కళ్లెం వేసే గవర్నరు, ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సిలిండరు, గట్టి గడియ ఉన్న తలుపు, అయిదేళ్ల అనుభవమున్న డ్రైవరు, పిల్లలను కనిపెట్టుకునే మనిషి వంటివన్నీ ఆ వరసలో వచ్చినవే. ఢిల్లీ కోసం చెప్పిన మాటలు క్రమంగా దేశమంతటికీ కొలబద్ద అయ్యాయి.

2012 జులైలో చెన్నై శివారులో బస్సు అడుగు రేకుకున్న కంతలోంచి రెండో తరగతి పాప జారిపడి చనిపోయింది. తమిళనాడు అదే ఏడాది బడి బస్సులకోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును నాందేడ్ - సికింద్రాబాద్ ప్యాసింజరు ఢీకొంది. తెలంగాణ ఏర్పడి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. డజనుకు పైగా పిల్లలు పోయారు. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో ఇలాంటి గేటు దగ్గరే ఇంకో బడి వ్యాను నుజ్జయ్యింది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లను 2019 జనవరి నాటికి రైల్వే పూర్తిగా తొలగించింది. ప్రమాదానికి కారణమైన పరిస్థితినే లేకుండా చేసిన ఉదాహరణ ఈ చరిత్రంతటిలో ఇదొక్కటే అనిపిస్తుంది. మిగతావన్నీ ఎవరో ఒకరు జాగ్రత్తగా ఉంటారన్న నమ్మకం మీద నిలిచినవే.

2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక బడి లోపలే రెండో తరగతి పిల్లవాడి హత్య జరిగాక చర్చ దారి మళ్లింది. పోలీసులు మొదట బస్సు కండక్టరును అరెస్టు చేశారు. తర్వాత సీబీఐ దర్యాప్తు అదే బడిలోని పెద్ద తరగతి విద్యార్థి వైపు తిరిగింది. ఈలోగానే సీబీఎస్ఈ తన బడులన్నిటికీ సిబ్బంది పూర్వాపరాలను పోలీసులతో తనిఖీ చేయించాలని ఆదేశించింది. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లడంతో, యాజమాన్యాల జవాబుదారీతనం మీద కేంద్ర విద్యాశాఖ 2021లో మార్గదర్శకాలు విడుదల చేసింది. అంతవరకూ బండి చుట్టూ తిరిగిన చర్చ ఇక్కడినుంచి మనుషుల మీదికి, గేటు మీదికి వచ్చింది.

బండి బాగుంటే చాలా?

అధికార యంత్రాంగం ఎక్కువగా నమ్మేది మొదటి వాదాన్ని: బండి, డ్రైవరు సక్రమంగా ఉంటే సగం సమస్య తీరినట్టే. తెలుగు రాష్ట్రాల్లో దీనికొక వార్షిక క్రమం ఉంది. బడి బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) గడువు మే నెల మధ్యలో ముగుస్తుంది. జూన్‌లో బడులు తెరిచేలోపు ప్రతి బస్సూ మళ్లీ ఫిట్‌నెస్ పరీక్షకు రావాలి. మొదటి వారం ఆర్‌టీఏ అధికారులు రోడ్డెక్కి బస్సులను సీజ్ చేస్తారు. ఆ వార్త పత్రికల్లో వస్తుంది. జులై నాటికి సద్దుమణుగుతుంది.

ఈ తనిఖీలు పనికిరావనడం తప్పు. అరిగిన టైర్లు, పనిచేయని అత్యవసర ద్వారం వల్ల పోయే ప్రాణాలను అవి నిజంగానే కాపాడతాయి. అయితే బడి బస్సు దగ్గర జరిగే మరణాల్లో ఎఫ్‌సీతో సంబంధంలేనివి చాలా ఉంటాయి. బస్సు ఊళ్లో ఆగుతుంది. యూకేజీ పాప దిగి, బస్సు ముందునుంచి అవతలికి పోబోతుంది. చేతిలోని నీళ్ల సీసా జారి టైరు పక్కకు దొర్లుతుంది, తీసుకుందామని వంగుతుంది. ఎత్తయిన సీట్లో కూర్చున్న డ్రైవరుకు బంపరు ముందున్న మూడడుగుల మనిషి కనిపించదు. కుంభాకారపు అద్దం ఉంటే, అది సరైన వంపులో ఉంటే, ఆ క్షణాన అతని చూపు అటు పడితే కనిపిస్తుంది. లేకపోతే క్లీనరు ‘రైట్ రైట్’ అన్న మాటే ఆధారం. క్లీనరు లేని బస్సులో అదీ ఉండదు. ఇలాంటి వార్త చదవకుండా మనకు ఒక్క విద్యా సంవత్సరమూ గడవదు. ఎంత మంచి ఫిట్‌నెస్ పత్రమైనా ఆ పాపను ఆపలేదు. ఒక ఆయా కిందికి దిగి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, పెద్దవాళ్లకు అప్పగించి వచ్చి ఎక్కితే ఆపగలదు.

అమెరికాలో బస్సు చుట్టూ పదడుగుల మేర ఉన్న జాగాను ప్రమాద వలయంగా పిల్లలకూ డ్రైవర్లకూ నేర్పిస్తారు. బస్సు ఆగి ఎర్ర దీపాలు వెలిగి, పక్కనున్న ‘స్టాప్’ పలక తెరుచుకుంటే వెనక వచ్చే వాహనాలు ఆగితీరాలి. దాటి వెళ్లడం అన్ని రాష్ట్రాల్లోనూ నేరమే. మన దగ్గర ఆగిన బడి బస్సును ఎడమనుంచీ కుడినుంచీ దాటుకుపోవడం ఎవరికీ తప్పుగా తోచదు. మన నిబంధనలు బస్సుకు రంగు వేశాయి గానీ, ఆ రంగును చూసి పక్కవాడు ఏం చేయాలో నేర్పలేదు.

ఎవరి చేతికి అప్పగించాలి?

రెండో వాదం గేటు దగ్గర మొదలవుతుంది. ముందే నమోదైన మనిషి వస్తేనే బిడ్డను పంపాలి. ఫొటో ఉన్న కార్డు చూపాలి. వేరేవాళ్లు వస్తే తల్లిదండ్రులకు ఫోన్ చేసి అడగాలి. నగరాల్లో చాలా ప్రైవేటు బడులు ఈ పద్ధతి పాటిస్తున్నాయి. చిన్న తరగతులను పావుగంట ముందు వదలడం, తరగతి టీచరే వరసగా గేటుదాకా తీసుకురావడం, పెద్ద పిల్లలకు వేరే గేటు పెట్టడం కూడా ఇందులో భాగమే. ఇవి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనులు.

ఈ వాదానికి బలం అపహరణ భయం. 2010 జనవరిలో విజయవాడలో బడికి వెళ్తున్న పదేళ్ల పాప కారును అటకాయించి, డ్రైవరునూ పాపనూ చంపిన ఘటన తెలుగునాట తల్లిదండ్రుల మనసుల్లో ఇప్పటికీ ఉంది. 2018లో కోర్టు ముగ్గురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ కుట్ర మూలం కుటుంబ సంబంధాల్లోనే ఉందన్న సంగతి మాత్రం భయం ఉన్నంత బలంగా గుర్తు లేదు. పోక్సో కేసుల్లో నిందితులు బాధితులకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. ఆ వాటా తొంభై శాతానికి పైనే. ముక్కూమొహం తెలియని మనిషి మీదే కాపలా పెట్టే గేటు, రోజూ నవ్వుతూ వచ్చే తెలిసిన మనిషిని తలెత్తి కూడా చూడదు. 2018 మే నెలలో పిల్లల దొంగల పుకార్లు వాట్సాప్‌లో తిరిగి తెలుగు రాష్ట్రాల్లో అమాయకుల మీద మూకదాడులు జరిగిన సంగతీ ఇక్కడ మరిచిపోకూడదు. తప్పు దిక్కున పెరిగిన భయం కొత్త బాధితులను తయారుచేస్తుంది.

అయినా అప్పగింత పద్ధతిని తోసిపుచ్చలేం. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య బిడ్డ కస్టడీ వివాదం ఉన్నప్పుడు, ఇంట్లో తాగి వచ్చే పెద్దమనిషి ఉన్నప్పుడు ఆ కార్డే బిడ్డకు అండ. మద్యం వాసన వస్తున్న తండ్రికి బిడ్డను అప్పగించాలా వద్దా అని తేల్చుకోవాల్సింది ఆ క్షణాన గేటు దగ్గరున్న టీచరమ్మ. ఆమెకు ఏ జీవో తోడుండదు.

రోడ్డునే మార్చాలన్న వాదం

లెక్కల ప్రకారం చూస్తే మూడో వాదానిదే పైచేయి కావాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 18 ఏళ్లలోపు వారు తొమ్మిది వేలకు పైనే. అందరూ బడి దారిలో పోయినవారు కాకపోవచ్చు. కానీ పిల్లలకు రోడ్డుతో రోజూ ఉండే పని బడే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, డ్రైవరు కాలు బ్రేకు మీద పడేలోపు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దూసుకొస్తుంది. 30తో పోలిస్తే ఆ దెబ్బలోని శక్తి నాలుగింతలు. అటువైపు పిల్లవాడి సంగతి చూద్దాం. లండన్ విశ్వవిద్యాలయంలోని రాయల్ హాలోవే కాలేజీ పరిశోధకులు, గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటి వచ్చే వాహనం తమవైపే వస్తోందని ప్రాథమిక తరగతుల పిల్లలు నమ్మకంగా గుర్తించలేకపోతున్నారని 2010ల మొదట్లో తేల్చారు. స్వీడన్ మనస్తత్వవేత్త స్టీనా సాండెల్స్ 1968లోనే ఈ మాట ఇంకోలా చెప్పారు: చిన్నపిల్లలను ట్రాఫిక్‌కు తగినట్టు తయారుచేయడం కుదరదు, ట్రాఫిక్కే వాళ్లకు తగినట్టు మారాలి. ‘చూసుకుని దాటమని ఎన్నిసార్లు చెప్పాం’ అని పిల్లవాడి మీద నెపం వేసేవారికి ఈ రెండు అధ్యయనాలూ జవాబు.

బ్రిటన్ 1953లో చట్టం చేసి మరీ బడి దగ్గర రోడ్డు దాటించే మనుషులను పెట్టింది. ఇటలీలోని బోల్జానో పట్టణం 1980ల చివర్లో బడి వదిలే వేళ ఆ వీధిలోకి వాహనాలు రాకుండా ఆపడం మొదలుపెట్టింది. లండన్‌లో ఇప్పుడలాంటి వీధులు వందల్లో ఉన్నాయి. రద్దీ పక్కవీధులకు పోతుందన్న భయం పెద్దగా నిజం కాలేదని ఎడిన్‌బరో నేపియర్ విశ్వవిద్యాలయం 2020లో చేసిన సమీక్ష చెప్పింది. అదే ఏడాది రోడ్డు భద్రత మీద వెలువడిన స్టాక్‌హోం ప్రకటన, నడిచేవాళ్లూ వాహనాలూ కలిసే చోట 30 కిలోమీటర్ల పరిమితిని ప్రపంచానికి సిఫారసు చేసింది.

మన దగ్గర ఈ వాదానికి ఎదురయ్యే అడ్డంకి వేరు. జాతీయ రహదారి ఒడ్డునే కట్టిన జిల్లా పరిషత్ హైస్కూళ్లు మనకెన్నో. రహదారి కేంద్రానిది, బడి రాష్ట్రానిది, పక్కదారి పంచాయతీది, ట్రాఫిక్ పోలీసులది. హెడ్మాస్టరు స్పీడు బ్రేకరు కావాలని అర్జీ పెట్టుకుంటే అది ఏ కార్యాలయం మెట్లెక్కాలో తేలడానికే ఏడాది పడుతుంది. ఈలోగా పీఈటీ సారు ఈల పట్టుకుని రోడ్డు మధ్య నిలబడతాడు. రెండు చేతులూ చాపి లారీలను ఆపే అధికారం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. ప్రాణం మాత్రం ఆయనే పణంగా పెడుతున్నాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ఈ సమస్యను ఒక్కసారిగా ముందుకు తెచ్చింది. కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకు 3, 4, 5 తరగతులను తరలించినప్పుడు, చదువు సంగతి ఎలా ఉన్నా, ఎనిమిదేళ్ల బిడ్డలు హైవే ఎలా దాటాలని తల్లిదండ్రులు బడి గేట్లకు అడ్డం కూర్చున్నారు. 2025లో ఆ జీవో రద్దయింది. మ్యాపులో కిలోమీటరుకూ, రోడ్డు దాటాల్సిన కిలోమీటరుకూ తేడా ఉందని అంతకుముందు విద్యా ప్రణాళికల్లో ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు. ఆ ఘనత ఆ తల్లిదండ్రులదే.

నడవనివ్వండి అనేవారు

నాలుగో వాదం మొదట వింటే భద్రతకు ఎదురు మాటలా ఉంటుంది. బ్రిటన్‌లో పరిశోధకుడు మేయర్ హిల్‌మన్ బృందం 1990లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990 నాటికి వారు 9 శాతానికి పడిపోయారు. పిల్లల మరణాలు తగ్గాయి నిజమే, రోడ్డు మంచిదైనందువల్ల కాదు, పిల్లలు రోడ్డు మీదే లేకుండా పోయినందువల్ల అని ఆయన తేల్చారు. బిడ్డ క్షేమం కోసం ప్రతి తండ్రీ బండి తెస్తే, ఆ బండ్లే గేటు దగ్గర మిగతా బిడ్డలకు ముప్పవుతాయి. జపాన్‌లో ఒక వాడ పిల్లలంతా పెద్ద తరగతి పిల్లల వెంట గుంపుగా బడికి నడుస్తారు. దారిపొడవునా ఇళ్లవాళ్లు, వాలంటీర్లు కనిపెట్టుకుని ఉంటారు.

మన ఊళ్లలో ప్రభుత్వ బడి పిల్లలు నేటికీ ఎక్కువగా గుంపులుగానే నడిచి వెళ్తారు. ఆ గుంపుకు పేరు లేదు, రికార్డు లేదు, దాని గురించిన నిబంధనా లేదు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక పన్నెండున్నరకు, భోజనం చేసి, నడినెత్తిన ఎండలో వాళ్లు ఇంటిదారి పడతారు. దూరపు పిల్లలకు సమగ్ర శిక్ష కింద ఏడాదికి రూ. 6,000 దాకా రవాణా భత్యం ఉంది. అది అందే తీరు, ఆ డబ్బుకు దొరికే బండి మరో కథ. ఈ నడక వాదాన్ని మన దగ్గర పట్టణ మధ్యతరగతి కోరికగా కొట్టిపారేస్తుంటారు. నడవడం తప్ప మరో దారి లేని పిల్లలే దీనికి అసలు హక్కుదారులు.

పక్కపక్కన పెట్టి చూస్తే

బండి వాదం అమలుకు తేలిక. లెక్కపెట్టవచ్చు, జరిమానా వేయవచ్చు. కానీ అది చేరేది బడి సొంత బస్సెక్కే పిల్లలకే. అప్పగింత వాదం చవక, రేపటినుంచే మొదలుపెట్టవచ్చు. దాని చూపు గేటు దగ్గరే ఆగిపోతుంది. రోడ్డు వాదం అన్ని రకాల పిల్లలకూ ఉపయోగపడుతుంది, ఒకసారి చేస్తే ఎవరి శ్రద్ధా అక్కర్లేకుండా పనిచేస్తుంది. దానికి సమయం, డబ్బు, నాలుగు శాఖల సంతకాలు కావాలి. నడక వాదం పిల్లవాడి ఎదుగుదలను లెక్కలోకి తీసుకుంటుంది, రోడ్డు వాదం గెలవకుండా మాత్రం నిలబడలేదు.

నా అభిప్రాయంలో మనం మొదటి రెండింటి మీదే బలమంతా పెట్టాం. గేటు బయట మొదటి యాభై గజాలు, బస్సు దిగిన చోట మొదటి పదడుగులు ఎవరి ఖాతాలోనూ లేవు. గేటు దాటితే మా పూచీ కాదని యాజమాన్యం అంటుంది, బడి దగ్గరిదంతా బడివాళ్లే చూసుకోవాలని పోలీసులు అంటారు. ఆ జాగాకు, వదిలిన తర్వాతి అరగంటకు, రాతపూర్వకంగా ఒక బాధ్యుణ్ని నియమించడం ఏ కెమెరా కన్నా ముందు జరగాల్సిన పని.

తేలని ముళ్లు

ఇంకా తేలని ముళ్లలో అన్నిటికన్నా పెద్దది ఆటో. బడి బస్సు ఫీజు కట్టలేని ఇళ్లకు ఆటో అంకులే దిక్కు. డ్రైవరు సీటుకు అటూ ఇటూ ఇద్దరు, వెనక అడ్డంగా వేసిన చెక్క మీద నలుగురు, బయట కొక్కేలకు వేలాడే సంచులు. పన్నెండేళ్లలోపు పిల్లలైతే సీట్లకు ఒకటిన్నర రెట్లదాకా ఎక్కించవచ్చన్న లెక్క కాగితం మీద ఉంది. దాన్ని కచ్చితంగా పాటిస్తే నెలకు తలకింత అని తీసుకునే అంకుల్‌కు డీజిలు ఖర్చు కూడా రాదు. జరిమానాలు పెంచితే కొందరు పిల్లలు స్కూటరు మీద ముగ్గురు, నలుగురుగా వెళ్తారు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్టు తప్పనిసరని 2019 సవరణ చట్టమే చెబుతోంది, అంతకన్నా చిన్నవాళ్లను బెల్టుతో కట్టుకుని 40 కిలోమీటర్ల లోపు నడపాలన్న నిబంధన 2023 ఫిబ్రవరినుంచి ఉంది. గేటు దగ్గర ఒక సాయంత్రం నిలబడితే ఇవి ఎంతమందికి తెలుసో అర్థమవుతుంది. ఆటోలను తరిమేయడమా, పేర్లు నమోదు చేసి, తలుపు కట్టించి, బడే కొంత ఖర్చు భరించి పద్ధతిలోకి తేవడమా? రెండోదే న్యాయంగా తోస్తుంది. దానికి డబ్బెవరిదన్న దగ్గర అందరూ మౌనం.

రెండోది సాంకేతికత. బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపే యాప్, పిల్లవాడు ఎక్కగానే మోగే ఎస్ఎంఎస్ తల్లి గుండెదడను తగ్గిస్తాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల జాడ తీయడాన్ని నిషేధించింది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు భద్రత కోసం బడులకూ, బడులు పెట్టుకున్న రవాణాదారులకూ మినహాయింపు ఇచ్చాయి. ప్రయాణం ముగిశాక ఆ జాడల సమాచారం ఎవరి దగ్గర ఎన్నాళ్లుంటుందని అడిగే తల్లిదండ్రులు ఇంకా తక్కువ. నిద్రపోయిన పిల్లవాణ్ని బస్సులోనే వదిలి తాళం వేసిన ఘటనల తర్వాత జపాన్ 2023నుంచి పిల్లల బస్సుల్లో, డ్రైవరు చివరి సీటుదాకా నడిచి వెళ్తే తప్ప ఆగని అలారం వంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది. మన ఎండల్లో దాని అవసరం ఇంకా ఎక్కువ. ఫోన్‌లో కదిలే చుక్కకన్నా, డ్రైవరును లేపి చివరి సీటుదాకా నడిపించే ఆ చిన్న యంత్రమే మేలనిపిస్తుంది.

మూడోదాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. పదో తరగతి పిల్లలకు శీతాకాలంలో సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు. వదిలేసరికి చీకటి పడుతుంది. అప్పటికి ఊరికి పోయే ఆర్టీసీ బస్సు వెళ్లిపోయి ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరునుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టునుంచి ఆడపిల్లలకు బస్సు ఉచితమే. ఆ వేళకు బస్సు ఉంటేనే కదా ఆ ఉచితం. బడి వేళ మారితే బస్సు వేళ మారాలన్న నిబంధన రెండు శాఖల్లో దేనికీ లేదు. హెడ్మాస్టరు డిపో మేనేజరుకు రాసే ఉత్తరం ఒక్కటే మార్గం, ఆ మేనేజరు బదిలీ అయితే వచ్చే ఏడాది మళ్లీ కొత్త ఉత్తరం రాయాల్సిందే.